కాఫీ కొంత, పాలు కొండంత: ఇంటి కాపుచినో విశేషాలు

కాపుచినో అంటే అందరికీ ముందు కాఫీయే గుర్తొస్తుంది. కప్పులోకి తొంగి చూస్తే మాత్రం ముప్పాతిక వంతుకు పైగా పాలే. ఆ లెక్కన పాడికి పేరుపడ్డ చిత్తూరు సీమ ఈ ఇటలీ కాఫీకి పుట్టినిల్లు కాకపోయినా మంచి మెట్టినిల్లు కాగలదు. పలమనేరు లాంటి ఊళ్లో లక్షల ఖరీదు చేసే మెషీన్ లేకుండా, వంటింట్లో ఉన్న సామాన్లతోనే కాపుచినో కలుపుకోవాలంటే తెలిసి ఉండాల్సిన సంగతులు కొన్ని, తెలిస్తే సరదాగా ఉండేవి మరికొన్ని.

25కు 100

కాపుచినో అంటే మూడోవంతు కాఫీ, మూడోవంతు పాలు, మూడోవంతు నురగ అని చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. ఇటలీలో ఎస్‌ప్రెసో నాణ్యతకు ప్రమాణాలు పెట్టిన జాతీయ సంస్థ లెక్క వేరు. 25 మిల్లీలీటర్ల ఎస్‌ప్రెసో (ఒత్తిడితో దించే గట్టి కాఫీ), 100 మిల్లీలీటర్ల చల్లటి పాలు. ఆ పాలను ఆవిరితో నురగ కట్టించి 125 మిల్లీలీటర్లకు పెంచాలి. కప్పు 150 నుంచి 160 మిల్లీలీటర్లది. అంటే మన ఇళ్లలోని మామూలు స్టీలు గ్లాసు కన్నా చిన్నది. పెద్ద మగ్గు నిండా పోసి అమ్మేదాంట్లో అదనంగా ఉండేది ఎక్కువగా పాలే.

నురగ గుట్టు ప్రోటీన్‌లో

చిక్కటి పాలకే చిక్కటి నురగ వస్తుందని అనుకుంటాం. నిజానికి నురగను నిలబెట్టేది వెన్న కాదు, పాలలోని ప్రోటీన్లు. పాలను చిలికినప్పుడు లోపలికి వెళ్లిన గాలి బుడగ చుట్టూ అవి పొరలా అల్లుకుని పగలకుండా కాపాడతాయి. వెన్న చేసే పని రుచినీ నునుపునూ ఇవ్వడం. వెన్న తీసేసిన పాలకు నురగ ఎత్తుగా వస్తుంది కానీ నోట్లో పొడిగా, తేలిగ్గా తగులుతుంది. వెన్న మరీ ఎక్కువైతే నురగ బరువెక్కి కిందికి కుంగుతుంది. ఇటలీ ప్రమాణం అడిగేది కనీసం 3.2 శాతం ప్రోటీన్, 3.5 శాతం వెన్న ఉన్న తాజా ఆవు పాలను.

ప్యాకెట్ మీద అంకె చూడండి

మన దేశంలో పాల ప్యాకెట్లకు వెన్న శాతాలు చట్టం ప్రకారం నిర్ణయమై ఉంటాయి. డబుల్ టోన్డ్ 1.5 శాతం, టోన్డ్ 3 శాతం, స్టాండర్డైజ్డ్ 4.5 శాతం, ఫుల్ క్రీమ్ 6 శాతం. రంగును నమ్ముకోవద్దు, అది ఒక్కో డెయిరీకి ఒక్కోలా ఉంటుంది. కాపుచినోకు టోన్డ్ గానీ స్టాండర్డైజ్డ్ గానీ చక్కగా సరిపోతాయి. ప్యాకెట్ పాలలో చాలావాటిని హోమోజనైజ్ చేస్తారు, అంటే వెన్న బొట్లను చితక్కొట్టి సన్నగా చేస్తారు. వాటి మీద మీగడ కట్టదని ఇంట్లో పెద్దవాళ్లు చిన్నబుచ్చుకుంటారు గానీ, కాపుచినోకు కావలసిన సన్నటి నురగకు ఆ పాలే అనుకూలం.

పొంగితే పోయినట్టే

పాలు పొంగితే శుభమని మనం గృహప్రవేశాల్లో పొంగిస్తాం. కాపుచినోకు పాలు పొంగడమే పెద్ద అశుభం. పాలు 55 నుంచి 65 డిగ్రీల సెల్సియస్ దాకా కాగితే చాలు. ఆ వేడిలో పాల సహజమైన తీపి నాలుకకు బాగా తెలుస్తుంది. 70 దాటాక కొన్ని ప్రోటీన్లు రూపం మారి ఉడుకు వాసన మొదలవుతుంది. థర్మామీటర్ లేకపోయినా గురుతులున్నాయి. పాల పైన సన్నగా ఆవిరి లేస్తుంది. గిన్నె పక్కన చెయ్యి ఆనిస్తే ఒకటి రెండు సెకన్లకు మించి ఉంచలేరు. స్టవ్ కట్టేయాల్సింది అప్పుడే.

మరి కాచకపోతే ఎట్లా?

డెయిరీ ప్యాకెట్ పాలు పాశ్చరైజ్ అయి వస్తాయి. మామూలుగా 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు ఉంచి వెంటనే చల్లబరుస్తారు. ప్యాకెట్ చల్లగా, తాజాగా ఉంటే నేరుగా వేడిచేసి వాడుకోవచ్చు. ఇంటికొచ్చి పోసే విడి పాలు మాత్రం తప్పకుండా కాచాల్సిందే. వాటిని కాచి, చల్లార్చి, మీగడ తీసి, ఫ్రిజ్‌లో పెట్టి, తర్వాత కాపుచినోకు కావలసినంత వేడిచేసుకోండి. ఇక్కడ ఇంకో మెలిక. గోరువెచ్చటి పాలలో వెన్న సగం గట్టిగా, సగం కరిగి ఉండి బుడగలను పగలగొడుతుంది. నురగకు అన్నిటికన్నా చెడ్డ వేడి అదే. కాబట్టి అయితే చల్లటి పాలు, కాకపోతే బాగా వేడి పాలు.

పలమనేరు పరిశోధన, పుంగనూరు పొట్టి ఆవు

ప్రపంచంలోని పొట్టి పశుజాతుల్లో ఒకటైన పుంగనూరు ఆవు పుట్టింది పలమనేరు పక్కనే ఉన్న పుంగనూరు ప్రాంతంలో. ఎత్తు మనిషి నడుముకు అటూ ఇటూ ఉంటుంది. అంతరించే దశకు వచ్చిన ఈ జాతిని కాపాడే పని పలమనేరులోని పశు పరిశోధన కేంద్రంలో సాగుతోంది. శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద నడిచే కేంద్రమిది. మామూలు ఆవు పాలలో వెన్న 3 నుంచి 4 శాతమైతే పుంగనూరు ఆవు పాలలో అది 8 శాతం దాకా ఉంటుందని ప్రసిద్ధి. పెరుగుకూ నెయ్యికీ అది వరం. కాపుచినోకు మాత్రం కాస్త ఎక్కువే. అదృష్టం బాగుండి ఆ పాలు దొరికితే కాచి చల్లార్చి, మీగడ తీసిన తర్వాతే చిలకండి.

గేదె పాలవాళ్లు దిగులుపడక్కర్లేదు

గేదె పాలలో వెన్న 6 నుంచి 8 శాతం. ప్రోటీన్ కూడా ఆవు పాలకన్నా ఎక్కువే. ఇటలీలో మొజారెల్లా జున్నుకు గేదె పాలు వాడతారు గానీ కాపుచినోకు ఆవు పాలే వాడతారు. మన ఇంట్లో ఉన్నవి గేదె పాలైతే కాచి, మీగడ తీసేసి, వంద మిల్లీలీటర్లకు రెండు మూడు చెంచాల నీళ్లు కలిపి వేడిచేస్తే నురగ తేలికపడుతుంది. కాఫీ వాసన పాల చిక్కదనం కింద అణిగిపోకుండా ఉంటుంది.

ఆడవాళ్లదే డెయిరీ

పాల ఊసు వచ్చింది కాబట్టి ఒక మాట. తిరుపతి కేంద్రంగా 2014లో మొదలైన శ్రీజ మహిళా పాల ఉత్పత్తిదారుల సంస్థలో సభ్యులందరూ మహిళా పాడి రైతులే. వాటాలూ వాళ్లవే, సంస్థా వాళ్లదే. జాతీయ పాడి అభివృద్ధి బోర్డు అండతో ఏర్పడిన ఈ సంస్థ, పల్లెలో రెండు ఆవులున్న ఇల్లాలిని కూడా వాటాదారుగా నిలబెట్టింది.

పలమనేరులో నీళ్లు 100 డిగ్రీలకు చేరవు

పలమనేరు సముద్రమట్టానికి సుమారు 680 మీటర్ల ఎత్తున ఉంది. చిత్తూరు నుంచి మొగిలి ఘాట్ ఎక్కి వచ్చేవాళ్లకు గాలిలో ఆ తేడా తెలిసిపోతుంది. ఎత్తుకు పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి నీళ్లు ముందే మరుగుతాయి. దాదాపు ప్రతి 300 మీటర్లకు ఒక డిగ్రీ తగ్గుతుంది. ఆ లెక్కన పలమనేరులో నీళ్లు సుమారు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ఇది కాఫీకి మేలే. డికాషన్ దిగడానికి మంచి వేడి 90 నుంచి 96 డిగ్రీలు. మరిగిన నీళ్లు దించి అర నిమిషం ఆగి పోస్తే పొడి మాడు చేదు దిగదు.

కుక్కర్‌కు తొమ్మిది రెట్లు

కెఫేలో ఎస్‌ప్రెసో మెషీన్ కాఫీ పొడిలోకి వేడి నీళ్లను 9 బార్ల ఒత్తిడితో తోస్తుంది. అది ఎంతో తెలియాలంటే, విజిల్ వేసే ప్రెషర్ కుక్కర్‌లో బయటి గాలికన్నా ఎక్కువగా ఉండేది సుమారు 1 బార్. కారు టైరులో రెండు బార్లకు కాస్త పైన. అంత ఒత్తిడిలో 25 నుంచి 30 సెకన్లలోనే కాఫీ దిగిపోతుంది. పైన తేలే బంగారు రంగు నురగ పొరను క్రీమా అంటారు. వేయించిన గింజలో చిక్కుకున్న కార్బన్ డయాక్సైడు ఆ ఒత్తిడికి సన్నటి బుడగలై బయటికొస్తుంది. పాత పొడికి క్రీమా రాదు, గ్యాస్ ఎప్పుడో ఎగిరిపోయి ఉంటుంది కాబట్టి.

పేటెంట్ ఒకరిది, పేరు ఇంకొకరిది

ఆవిరితో కాఫీ దించే యంత్రానికి తొలి పేటెంట్ 1884లో ఇటలీలోని ట్యూరిన్ నగరవాసి ఆంజెలో మోరియోండో తీసుకున్నాడు. దాన్ని ఆయన పెద్దఎత్తున తయారుచేసి అమ్మలేదు. 1901లో మిలాన్‌కు చెందిన లుయిజీ బెజ్జెరా మెరుగైన యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. ఆ హక్కులు కొని వ్యాపారంగా మార్చింది డెసిడేరియో పవోని. అసలు మలుపు రెండో ప్రపంచయుద్ధం తర్వాత వచ్చింది. అకిల్లె గజ్జియా ఆవిరిని పక్కనపెట్టి, లీవరు లాగి వేడి నీళ్లను ఒత్తిడితో తోసే పద్ధతి తెచ్చాడు. క్రీమా పుట్టింది అప్పుడే. కాఫీ మీద ఈ తెట్టేమిటని మొదట్లో జనం అనుమానంగా చూశారట. తర్వాత 1961లో విద్యుత్ పంపుతో నడిచే ఇ61 యంత్రం వచ్చింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఇటలీలో కనిపించిన సూర్యగ్రహణం (ఎక్లిప్స్) గుర్తుగా ఆ పేరు పెట్టారు.

చితాభస్మం కాఫీ పాత్రలో

ఇటలీ ఇళ్లలో ఎస్‌ప్రెసో మెషీన్ కన్నా ఎక్కువగా కనిపించేది మోకా పాత్ర. ఎనిమిది పలకల అల్యూమినియం పాత్ర, 1933 నాటిది, అల్ఫోన్సో బియాలెట్టి పేరు మీద వచ్చింది. దాన్ని ఇంటింటికీ చేర్చింది ఆయన కొడుకు రెనాటో. 2016లో రెనాటో కన్నుమూసినప్పుడు ఆయన చితాభస్మాన్ని పెద్ద మోకా పాత్రలోనే ఉంచి ఖననం చేశారు.

మన ఇళ్లలో మోకా వాడేవాళ్లకు నాలుగు జాగ్రత్తలు. కింది అరలో నీళ్లు సేఫ్టీ వాల్వుకు దిగువనే ఉండాలి. పొడిని గట్టిగా అదమకూడదు. మన గ్యాస్ స్టవ్ బర్నర్ మీద చిన్న మోకా ఒరిగిపోతుంది కాబట్టి పైన ఒక జాలీ స్టాండు వేసుకోవాలి. మామూలు అల్యూమినియం మోకా ఇండక్షన్ మీద వేడెక్కదు.

మన ఫిల్టరే చాలు

మోకా లేకపోయినా బాధ లేదు. రెండు అరల స్టీలు ఫిల్టర్ ఉంటే కాపుచినోకు కావలసిన గట్టి డికాషన్ దిగుతుంది. ఎస్‌ప్రెసోకు ఉండే క్రీమా రాదు, చిక్కదనం దాదాపుగా వస్తుంది.

పై అరలో నాలుగు చెంచాల పొడి, అంటే సుమారు 20 గ్రాములు వేయండి. చదునుగా తట్టి, లోపలి బిళ్లతో మెల్లగా నొక్కండి. ముందు రెండు చెంచాల వేడి నీళ్లు చల్లి అర నిమిషం ఆగండి. పొడి తడిసి ఉబ్బుతుంది. తర్వాత 100 మిల్లీలీటర్ల నీళ్లు అంచు చుట్టూ తిప్పుతూ పోసి మూత పెట్టండి. పావుగంట, ఇరవై నిమిషాల్లో 60 నుంచి 70 మిల్లీలీటర్ల మొదటి డికాషన్ దిగుతుంది. ఇద్దరికి ఇది చాలు. మళ్లీ నీళ్లు పోసి దించే రెండో డికాషన్ మామూలు కాఫీకి ఉంచుకోండి, కాపుచినోలోకి అది పనికిరాదు. నూరు మిల్లీలీటర్ల పాలకు తట్టుకుని నిలబడే బలం మొదటిదానికే ఉంటుంది.

కవ్వం చేసే పని

నురగకు బ్యాటరీతో తిరిగే చిన్న ఫ్రాతర్ ఇప్పుడు కొన్ని వందల రూపాయలకే దొరుకుతోంది. అది లేని ఇంట్లో మజ్జిగ కవ్వం ఉంటుంది. సన్నగా, లోతుగా ఉన్న గిన్నె తీసుకోండి. వెడల్పు గిన్నెలో పాలు చిందుతాయే తప్ప నురగ కట్టదు. గిన్నెలో మూడోవంతుకు మించకుండా వేడి పాలు పోసి, కవ్వం తల పాల పైభాగంలో సగం మునిగేలా పట్టి, అరచేతుల మధ్య చకచకా తిప్పండి. మొదటి పది సెకన్లలో పెద్ద పెద్ద బుడగలు, బుడబుడమని చప్పుడు. గాలి లోపలికి పోతున్న దశ అది. తర్వాత కవ్వాన్ని అడుగుకు దించి ఇంకో అర నిమిషం తిప్పండి. చప్పుడు తగ్గి, పెద్ద బుడగలు విరిగి సన్నబడతాయి. పాలు మెరుస్తూ, చెంచాతో గీత గీస్తే వెంటనే పూడుకోకుండా ఉంటే పాకం కుదిరినట్టే. ఇంకా పెద్ద బుడగలు మిగిలితే గిన్నెను గట్టు మీద రెండుసార్లు తట్టి గుండ్రంగా ఊపండి.

వెంటనే పోసేయాలి. రెండు నిమిషాలు పక్కన పెడితే నురగ పైకీ పాలు కిందికీ విడిపోతాయి. కప్పును ముందే వేడి నీళ్లతో కడిగి, 30 మిల్లీలీటర్ల డికాషన్ పోసి, దాని మధ్యలోకి పాలు సన్నటి ధారగా వంపండి. ఆఖరున నురగను చెంచాతో పైకి ఎత్తి పెట్టండి.

సీసాతో ఇంకో ఉపాయం

మూత గట్టిగా పట్టే గాజు సీసాలో మూడోవంతు చల్లటి పాలు పోసి ఒక నిమిషం బాగా ఊపండి. మూత తీసి మైక్రోవేవ్ ఒవెన్‌లో అర నిమిషం పెడితే పైన నురగ గట్టిపడుతుంది. వేడి పాలతో మాత్రం సీసా ఊపకండి. లోపలి ఆవిరికి మూత ఎగిరి చెయ్యి కాలుతుంది. కాఫీ దించే ఫ్రెంచ్ ప్రెస్ ఉన్నవాళ్లు అందులో వేడి పాలు పోసి దాని పిడిని ఇరవైసార్లు పైకీ కిందికీ ఆడిస్తే జాలీ గుండా పోయి వచ్చే పాలకు మంచి సన్నటి నురగ వస్తుంది.

చిలికిన కాఫీకి కొత్త పేరు

2020 లాక్‌డౌన్‌లో ప్రపంచమంతా డాల్గోనా కాఫీ మోజులో పడింది. ఇన్‌స్టంట్ కాఫీ పొడి, చక్కెర, వేడి నీళ్లు సమానంగా తీసుకుని గట్టి నురగ వచ్చేదాకా చిలకడమే అందులోని విద్య. ఒక దక్షిణ కొరియా నటుడు మకావ్‌లోని ఓ కాఫీ కొట్టులో తాగి టీవీలో చెప్పడంతో అది పాకింది. మన దేశంలో ఇళ్లలో చెంచాతో కాఫీ పొడినీ చక్కెరనూ తెల్లబడేదాకా గిలక్కొట్టి పాలు పోసుకోవడం అంతకు ఎన్నో ఏళ్ల ముందునుంచే ఉంది. మనం నురగను అడుగున పెట్టి పాలు పోస్తాం, వాళ్లు పాల మీద నురగ పెడతారు. ఫిల్టర్ పొడితో ఇది కుదరదు. నీళ్లలో పూర్తిగా కరిగే ఇన్‌స్టంట్ పొడే కావాలి.

పెళ్లి పందిరిలో 'ఎస్‌ప్రెసో'

పెళ్లిళ్లలో, ఎగ్జిబిషన్లలో బుస్సుమంటూ ఆవిరి వదిలే నిలువెత్తు స్టీలు మెషీన్ కాఫీని మనవాళ్లు ఎస్‌ప్రెసో అనే పిలుస్తారు. నిజానికి అందులో ఎస్‌ప్రెసో దిగదు. ఇన్‌స్టంట్ పొడీ చక్కెరా వేసిన కప్పులోకి ఆవిరితో నురగ కట్టించిన పాలు పోసి, పైన చాక్లెట్ పొడి చల్లుతారు. తీరుతెన్నులు చూస్తే కాపుచినోకే దగ్గర. మన జిల్లాల్లో చాలామంది తాగిన తొలి కాపుచినో అదేనన్నమాట, పేరు మాత్రం వేరు.

ఇటలీ కప్పులో మన గింజ

భారతదేశపు కాఫీని ఎక్కువగా కొనే దేశాల్లో ముందువరుసలో ఉండేది ఇటలీ. మన దేశంలో పండే కాఫీలో ఎక్కువభాగం రోబస్టా రకం. అది ఎస్‌ప్రెసోకు మందమైన క్రీమానూ, పాలలో కూడా నిలబడే ఘాటునూ ఇస్తుంది. పశ్చిమ తీరంలో గింజలను వర్షాకాలపు తేమగాలికి ఆరబోసి తయారుచేసే మాన్‌సూన్డ్ మలబార్ కాఫీకి 2008లో భౌగోళిక గుర్తింపు దక్కింది. పులుపు తక్కువ కావడంతో ఎస్‌ప్రెసో మిశ్రమాల్లో దానికి గిరాకీ ఎక్కువ. రోమ్‌లో తాగే కాపుచినోలో కర్ణాటక కొండల గింజ ఉంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

అరకు గింజ, కువ్వకొల్లి పొడి

తెలుగు నేల మీద కాఫీ సాగు బ్రిటిష్ వాళ్ల హయాంలో, 1898లో తూర్పు కనుమల్లోని పాములేరు లోయలో మొదలైంది. ఈరోజు గిరిజన రైతులు సిల్వర్ ఓక్ నీడలో, మిరియాల తీగల పక్కన పండించే అరకు అరబికా రకం కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు రెండేళ్ల ముందే, 2017లో, ప్యారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరుచుకుంది. అరకు కాఫీ సున్నితమైనది. కాపుచినోలోకి తీసుకునేటప్పుడు కాస్త ముదురుగా వేయించినది అడగండి, లేత రోస్ట్ పాలలో కనబడకుండా పోతుంది.

ఇన్‌స్టంట్ కాఫీ ఎక్కడో విదేశంలో తయారవుతుందనుకుంటే అదీ పొరపాటే. గుంటూరు జిల్లా దుగ్గిరాలలో 1990ల్లో మొదలైన సీసీఎల్ సంస్థ చాలా దేశాలకు ఇన్‌స్టంట్ కాఫీ ఎగుమతి చేస్తోంది. దాని కర్మాగారాల్లో ఒకటి ఒకప్పటి చిత్తూరు జిల్లా, ఇప్పటి తిరుపతి జిల్లా వరదయ్యపాళెం మండలంలోని కువ్వకొల్లిలో ఉంది. అక్కడ చేసేది ఫ్రీజ్ డ్రైడ్ కాఫీ. డికాషన్‌ను గడ్డకట్టించి, గాలి తీసేసిన గదిలో మంచును నేరుగా ఆవిరి చేసి పలుకులుగా మిగులుస్తారు. ఆరబెట్టేటప్పుడు ఎక్కువ వేడి తగలదు కాబట్టి వాసన బాగా నిలుస్తుంది.

51కి 49

కాఫీ పొడి ప్యాకెట్ మీద సన్నటి అక్షరాల్లో చికోరీ శాతం రాసి ఉంటుంది. కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలన్నది నిబంధన. అంటే 49 శాతం దాకా చికోరీ కలిపినా అది చట్టబద్ధమే. చికోరీ ఒక మొక్క వేరు. రంగు, చిక్కదనం, చేదు ఇస్తుంది, కెఫీన్ ఉండదు. ఫిల్టర్ కాఫీకి 80:20 పాళ్లు చాలామందికి ఇష్టం. కాపుచినోకు చికోరీ లేని పొడి అయితే అసలు రుచి తెలుస్తుంది. ఫిల్టర్‌లో మరీ పలచగా దిగుతోందనుకుంటే పది శాతం చాలు.

బెల్లం వేస్తే విరుగుతుందా?

చిత్తూరు బెల్లం మార్కెట్‌కు రాష్ట్రాలు దాటిన పేరు. కాపుచినోలోకి చక్కెర బదులు బెల్లం వేద్దామనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. బెల్లంలో ఉండే కొద్దిపాటి పులుపుకు మరిగే పాలు విరిగే ప్రమాదం ఉంది. బెల్లం పొడిని డికాషన్‌లో ముందే కరిగించి వడకట్టండి. పాలు 60 డిగ్రీల దగ్గరే ఉంటాయి కాబట్టి కలిపినా సాధారణంగా విరగవు. కాపుచినోకు పాలు పొంగించొద్దనడానికి ఇదీ ఒక కారణం.

పలమనేరు మట్టికి పరీక్ష

పలమనేరు ప్రాంతపు కుమ్మరుల మట్టి పనికి, టెర్రకోట బొమ్మలకు మంచి పేరుంది. ఆ మట్టి కప్పులో కాపుచినో పోస్తే చూడ్డానికి ముచ్చటే. పూత లేని మట్టి కప్పుకు సన్నటి రంధ్రాలుంటాయి, కాఫీని కొంత పీల్చుకుంటుంది. వేడి నీళ్లలో కాసేపు నానబెట్టి వాడితే ఆ బాధ తగ్గుతుంది. కెఫేల్లో మందమైన పింగాణీ కప్పు, గుండ్రటి అడుగు ఎంచుకోవడానికి కారణం వేరు. మందం వేడిని నిలుపుతుంది, గుండ్రటి అడుగులో పాలు తిరిగి కాఫీతో బాగా కలుస్తాయి.

బోరు నీళ్లు, నిమ్మ ఉప్పు

ఇంట్లో మెషీన్ కొన్నవాళ్లకు అతి పెద్ద శత్రువు కాఫీ కాదు, నీళ్లు. బోరు నీళ్లలోని లవణాలు లోపలి గొట్టాల్లో తెల్లటి పొలుసుగా పేరుకుంటాయి. ఒత్తిడి పడిపోతుంది, ఆవిరి నీరసిస్తుంది. అప్పుడప్పుడు నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు నడిపించి, తర్వాత రెండుసార్లు మంచి నీళ్లతో కడగాలి. మెషీన్‌తో వచ్చిన పుస్తకంలో వద్దని రాసి ఉంటే మాత్రం వాళ్లు చెప్పిన ద్రావణమే వాడండి. అలాగని లవణాలన్నీ తీసేసిన నీళ్లూ మంచివి కావు, వాటితో కాఫీ చప్పగా దిగుతుంది.

బెంగళూరు దారిన వచ్చిన అలవాటు

దేశంలో కాపుచినోను కుర్రకారు పానీయంగా మార్చిన కెఫే కాఫీ డే తొలి దుకాణం 1996లో బెంగళూరు బ్రిగేడ్ రోడ్డులో తెరుచుకుంది. అప్పట్లో అది ఇంటర్నెట్ కేంద్రం కూడా. పలమనేరు ఉన్నది చిత్తూరు నుంచి ముళబాగిలు, కోలారు మీదుగా బెంగళూరు పోయే దారిలోనే. చదువులకూ ఉద్యోగాలకూ ఆ దారిన వెళ్లిన పిల్లలే సెలవులకు వచ్చినప్పుడు ఇంట్లో ఫ్రాతర్ పెట్టి వెళుతున్నారు.

ఎప్పుడు తాగాలి?

ఇటలీలో కాపుచినో పొద్దుటి పానీయం. మధ్యాహ్నం భోజనం తర్వాత అడిగితే పర్యాటకుడని పోల్చుకుంటారు. కడుపు నిండా తిన్నాక అన్ని పాలు అరగవని వాళ్ల నమ్మకం. మనకు అంతకన్నా పనికొచ్చే సలహా హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో తయారుచేసిన ఆహార మార్గదర్శకాల్లో ఉంది. కెఫీన్ రోజుకు 300 మిల్లీగ్రాములు దాటకూడదు. 150 మిల్లీలీటర్ల డికాషన్ కాఫీలో 80 నుంచి 120, ఇన్‌స్టంట్‌లో 50 నుంచి 65 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. భోజనానికి గంట ముందు, గంట తర్వాత కాఫీ టీలు వద్దు, తిండిలోని ఇనుము ఒంటికి పట్టకుండా అవి అడ్డుపడతాయి. చక్కెర వేయని చిన్న కప్పు కాపుచినో టోన్డ్ పాలతో 60 కేలరీల చుట్టుపక్కల ఉంటుంది. చెంచాడు చక్కెరతో ఇంకో 20 చేరతాయి.

ఆఖరుగా

మెషీన్ కొనాలా వద్దా అని నెలల తరబడి ఆలోచించేవాళ్లు ముందు ఖర్చు తక్కువ పనులు చేసి చూడండి. వేయించిన తేదీ ఉన్న కాఫీ పొడి వంద గ్రాములే కొనండి, గాలి చొరని డబ్బాలో ఉంచి రెండు వారాల్లో వాడేయండి. తాజా పాలు తెచ్చి, పొంగకముందే దించండి. చిన్న కప్పు వాడండి. ఇవన్నీ చేశాక కూడా రుచి చాలదనిపిస్తే అప్పుడు మెషీన్ కొనుక్కోవచ్చు. పాలూ పొడీ తాజాగా లేకపోతే ఎంత ఖరీదైన మెషీనైనా మంచి కాపుచినో ఇవ్వలేదు.